బిన్, బిస్ట్, ఇస్ట్, జింట్, వార్: ఒక్క క్రియకు ఇన్ని ముఖాలెందుకు?

వలసపిట్ట · సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది, జర్మనీ పోదామని జర్మన్ నేర్చుకుంటున్న. ఏ1లో మూడో వారం. మొదటి పాఠంలనే 'ఉండు' క్రియ వచ్చింది. ఇఖ్ బిన్, డు బిస్ట్, ఎర్ ఇస్ట్, వీర్ జింట్, ఈర్ జైట్. క్రియ పేరేమో జైన్. నిన్న భూతకాలం చెప్పిన్రు: వార్. దాని తర్వాత గెవేజెన్ అంట.

బ, ఇ, జ, వ. ఒకదాని మొఖం ఒకదానికి కలవదు. "ఎందుకు సార్ ఇట్లా" అంటే "ఎందుకని అడగొద్దు, బట్టీ కొట్టు" అన్నరు. బట్టీ కొట్టిన, అయిపోయింది. కానీ బస్సుల వస్తుంటే మళ్లీ అదే ఆలోచన. ఇంగ్లీష్‌ల కూడా గంతే కదా: యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీ. చిన్నప్పటి నుంచి వాడుతున్నం కాబట్టి వింత అనిపించలేదు గానీ, ఇదీ అతుకుల బొంతే. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

---

కోనసీమ_కుర్రోడు · సోమవారం, రాత్రి 10:58

బట్టీ కొట్టమన్నారంటే ఆయనకీ తెలీదన్నమాటండి. మా లెక్కల మాస్టారు కూడా అలాగే అనేవారు. ఆయ్.

---

పాతపలక · సోమవారం, రాత్రి 11:35

అమ్మా వలసపిట్టా, నలభై ఏళ్లు పాఠం చెప్పి రిటైరైన వాణ్ణి, ఇలాంటి ప్రశ్న తరగతిలో ఒక్కరు అడిగినా పండగలా ఉండేది.

నీకు చుట్టరికం లేదనిపించిన వాటిల్లో కొన్ని ఒకతల్లి బిడ్డలే. కొన్ని ఇల్లరికం వచ్చినవి. మూడు ధాతువులు ఒకే ఇంట్లో కాపురం పెట్టాయి, అంతే.

మొదటిది మన 'అస్' ధాతువుకు తోడబుట్టింది. అస్మి, అసి, అస్తి, సంతి. జర్మన్ ఇస్ట్, జింట్, ఇంగ్లీష్ యామ్, ఈజ్ ఇవన్నీ ఈ గూటివే. 'అస్తి' పక్కన 'ఇస్ట్', 'సంతి' పక్కన 'జింట్' పెట్టి పైకి చదివి చూడు. మనం ఆస్తి అన్నా, నాస్తికుడు అన్నా ఇదే.

రెండోది 'భూ'. ఇంగ్లీష్ 'బీ', జర్మన్ 'బిన్', 'బిస్ట్'లలో ఉన్న 'బ' దీనిది. మనకు భవనం, భవిష్యత్తు, భూతకాలం. జర్మన్లో ఇల్లు కట్టడాన్ని 'బావెన్' అంటారు, అదీ ఈ కుటుంబమే. ఇంగ్లీష్ 'నైబర్'లో చివరి ముక్క కూడా. ఆ మాటకు అసలు అర్థం దగ్గర్లో కాపురముండేవాడు.

మూడోది 'వస్'. వాజ్, వర్, వార్, గెవేజెన్. మొదట దీని అర్థం ఉత్త 'ఉండు' కాదు. ఒకచోట నివసించు, రాత్రి గడుపు. వసతి గృహం, నివాసం, ప్రవాసం, చివరికి మనవాళ్లు గోడలు పడగొట్టించే వాస్తు, అన్నీ ఇక్కడివే. నువ్వు హాస్టల్లో ఉంటున్నట్లయితే 'వసతి' అని ఉన్న బోర్డు కింది నుంచి రోజూ వెళుతూ జర్మన్ భూతకాలం బట్టీ కొడుతున్నావన్నమాట.

---

కోనసీమ_కుర్రోడు · సోమవారం, రాత్రి 11:41

అంటే జర్మన్ సంస్కృతం లోంచే పుట్టిందన్నమాట! ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తున్నానండి.

---

ఉప్పల్_టు_ఉప్సలా · మంగళవారం, తెల్లవారుజాము 1:15

తమ్ముడూ ఆగు, పంపకు. పుట్టలేదు. రెండూ ఒకే పాత భాషకు మనవలు. ఆ భాష రాతలో ఎక్కడా దొరకదు. మనవల ముఖాలు చూసి తాత ముఖం గీసుకున్నట్టు పండితులు దాన్ని ఊహించి కట్టారు. సంస్కృతంలో ఆ పోలికలు తేటగా మిగిలాయి కాబట్టి మనకు చూపించడానికి అది వీలు. అంతమాత్రాన అక్క అమ్మ కాదు.

---

మోడరేటర్ · మంగళవారం, ఉదయం 7:02

'అన్ని భాషలకూ తల్లి' చర్చకు వేరే దారం ఉంది, ఇప్పటికే 61 పేజీలు అయింది. ఇక్కడికి తేవద్దని మనవి.

---

డాలస్_బాబాయ్ · మంగళవారం, ఉదయం 8:20

పాతపలక గారూ, వస్ ధాతువంటే వస్త్రం కూడా దీంట్లోదేనా? ఒంటి మీద నివసించేది కాబట్టి? 😀

---

పాతపలక · మంగళవారం, ఉదయం 9:10

ఊహ బాగుంది కానీ కాదండీ. 'కట్టుకొను' అనే అర్థమున్న 'వస్' ఇంకొకటి ఉంది, వస్త్రం దానిది. ఇంగ్లీష్ 'వేర్' దానికి చుట్టం. రెండు వస్‌లూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి, వాటి మధ్య రక్తసంబంధం లేదు.

ఇంకొక మాట. ఈ అతుకు జర్మన్ వాళ్ల చేతకానితనం అనుకోకండి, సంస్కృతంలోనూ ఉంది. 'అస్తి'కి భవిష్యత్కాలం చెప్పమంటే ఏం చెబుతాం? భవిష్యతి. అస్ ధాతువుకు సొంత భవిష్యత్తు లేదు, భూ దగ్గర అప్పు తెచ్చుకుంటుంది. పాణిని దీనికి ఒక సూత్రమే రాశాడు: అస్తేర్భూః (2.4.52). ఆర్ధధాతుక ప్రత్యయాలు (భవిష్యత్కాలానివి వంటివి) వచ్చినప్పుడు అస్ తప్పుకుని భూ వచ్చి కూర్చుంటుంది.

---

వలసపిట్ట · మంగళవారం, మధ్యాహ్నం 1:30

సార్, దండం మీకు. డ్యూటీ మధ్యల చదువుతున్న. ఒక డౌట్. ఇస్ట్, జింట్ అస్‌వి, బిన్, బిస్ట్ భూవి అన్నరు. మరి నేను, నువ్వు మాత్రమే భూ ఇంటికి ఎందుకు పోయినయ్? వాడు, వాళ్లు అస్ ఇంట్లనే ఎట్ల ఉన్నరు?

---

ఉప్పల్_టు_ఉప్సలా · మంగళవారం, సాయంత్రం 6:45

ఇది అసలైన ప్రశ్న. 'బిన్' పూర్తిగా భూ ఇంటిది కాదు, సంకరం.

పాత జర్మన్లో (సుమారు 8వ శతాబ్దం నుంచి రాతలు దొరుకుతాయి) ఆ రూపం 'బిమ్'. ఆ 'ఇమ్' ముక్క అస్మికి తోడబుట్టింది. గోథిక్‌లో (జర్మన్‌కు చుట్టమైన ఒక పాత భాష) ఉత్త 'ఇమ్' అనే అంటారు, ఇంగ్లీష్ 'యామ్' చివర 'మ్' కూడా అదే. పాత జర్మన్ వాళ్లు ఆ 'ఇమ్' నెత్తిన భూ ఇంటి 'బ' అంటించారు. తర్వాత మ్ అరిగి న్ అయింది, బిన్ మిగిలింది. 'బిస్ట్' కూడా అంతే, పాత రూపం 'బిస్'. చివరి 'ట్' ఎక్కడిదంటే, వెంటనే వచ్చే 'దు' (నువ్వు) మాటి మాటికీ దానికి రాసుకుని అంటుకుపోయింది.

ఇంకా తమాషా, అప్పట్లో 'మేము'కీ బ రూపమే: బిరుమ్, 'మీరు'కి బిరుత్. ఇవి రెండూ తర్వాత పోయాయి. 'జింట్' అసలు 'వాళ్లు' రూపం; అది మెల్లగా 'మేము' కుర్చీలోకి కూడా జరిగింది. అంటే నువ్వు బట్టీ కొట్టిన పట్టిక ఒకనాటి ప్లాను ప్రకారం కట్టింది కాదు. గదులు ఖాళీ అయినప్పుడల్లా పక్కింటివాళ్లు వచ్చి చేరారు.

---

ఉప్పల్_టు_ఉప్సలా · మంగళవారం, సాయంత్రం 6:58

గోథిక్ అన్నాను కదా, ఇంకాస్త చెప్తా. ఇక్కడ ఉప్సలా యూనివర్సిటీ లైబ్రరీలో ఆ 'వెండి గ్రంథం' ఉంది. ఊదారంగు తోలు మీద వెండి, బంగారు సిరాతో రాసింది. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ చేసిన బైబిల్ అనువాదానికి 6వ శతాబ్దపు ప్రతి. మొత్తం 336 ఆకులుండేవట, ఇక్కడున్నవి 187. ఇంకో ఆకు 1970లో జర్మనీలోని ష్పేయర్‌లో బయటపడింది. మా ఇంటికి హైదరాబాద్ నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తా. పది నిమిషాల్లో బయటికొచ్చి "కాఫీ ఎక్కడ" అంటారు, అది వేరే విషయం.

అందులో మన క్రియ ఇలా ఉంటుంది: ఇమ్, ఇస్, ఇస్ట్, సియుమ్, సియుథ్, సింద్. భూతకాలం వస్, వేసుమ్. 'బ' ఎక్కడా లేదు! గోథిక్ వాళ్లు రెండు ధాతువులతోనే సంసారం లాగించారు. పాత నార్స్‌లోనూ (వైకింగుల భాష) ఈ క్రియలో బ లేదు. బ ఈ కుటుంబం (జర్మానిక్) పడమటి కొమ్మలోనే వేళ్లూనింది: జర్మన్, డచ్, ఫ్రిసియన్, ఇంగ్లీష్.

---

తెల్లకాగితం · మంగళవారం, రాత్రి 9:25

ఇంగ్లీష్ సంగతి నేను అందుకుంటాను. వైజాగ్‌లో ఇంగ్లీష్ చెబుతాను, ఎంఏలో పాత ఇంగ్లీష్ పేపరంటే అందరూ పారిపోయేవాళ్లం. కానీ ఒక్క విషయం మాత్రం అప్పుడే మనసులో నాటుకుపోయింది.

పాత ఇంగ్లీష్‌లో వర్తమానానికి ఒకటి కాదు, రెండు పూర్తి వరసలు. ఒకటి: ఎఓమ్, ఎఆర్ట్, ఇస్, సిందోన్. రెండోది బ వరస: బేఓ, బిస్ట్, బిథ్, బేఓథ్. రెండూ పక్కపక్కనే, ఒకే కాలంలో, ఒకే మనిషి రాతలో కనిపిస్తాయి. ఎందుకు రెండు?

మా మాస్టారు ఇంగ్లీష్‌లో అరగంట వివరించారు, ఒక్క ముక్క ఎక్కలేదు. ఇంటికొచ్చాక అమ్మ వంటింట్లోంచి "ఫ్యాన్ ఆపు, ఈ గది ఎప్పుడూ చల్లగానే ఉంటుంది" అంది. అప్పుడు తట్టింది.

ఈ రోజు చల్లగా ఉంది. చలికాలం చల్లగా ఉంటుంది. రేపు చల్లగా ఉంటుంది.

'ఇస్' అంటే ఉంది. 'బిథ్' అంటే ఉంటుంది! ఎప్పుడూ ఉండే స్వభావానికి, లోకోక్తులకు, రాబోయేదానికి బ వరస. ఇప్పుడు ఎదురుగా ఉన్నదానికి మొదటి వరస. సుమారు 1000లో ఎల్ఫ్రిక్ అనే క్రైస్తవ సన్యాసి లాటిన్ వ్యాకరణాన్ని ఇంగ్లీష్‌లో రాశాడు. అందులో లాటిన్ భవిష్యత్ రూపానికి బ రూపమే ఇస్తాడు. మనం 'ఉంటాను' అని ఇచ్చినట్టే.

ఇప్పటి ఇంగ్లీష్ ఈ తేడాని పోగొట్టుకుంది. "ఇట్ ఈజ్ కోల్డ్" అంటే ఇప్పుడా ఎప్పుడూనా అన్నది పక్క మాటల్ని బట్టి తెలుసుకోవాలి. మన పిల్లలు 'ఉంది', 'ఉంటుంది' రెంటినీ 'ఈజ్'లో కుక్కుతుంటే నాకు కాస్త బాధేస్తుంది.

---

డాలస్_బాబాయ్ · మంగళవారం, రాత్రి 9:50

తెల్లకాగితం గారూ, పూర్తిగా పోలేదండీ. ఇక్కడ నల్లవారి ఇంగ్లీష్‌లో "హీ బీ వర్కింగ్" అంటే 'వాడు పని చేస్తూ ఉంటాడు', అంటే అలవాటుగా. ఇప్పుడు, ఈ నిమిషంలో చేస్తుంటే "హీ వర్కింగ్" చాలు, బీ రాకూడదు. మా వేర్‌హౌస్‌లో మొదటి ఏడాది నాకు ఈ తేడా తెలియక, "హీ బీ లేట్" అని ఒకతను అంటే ఆ రోజు ఆలస్యంగా వస్తాడనుకుని కాచుకుని కూర్చున్నా. తీరా చూస్తే ఆయన రోజూ లేటుగా వచ్చే రకమని చెప్పాడతను! మనవాళ్లు దాన్ని 'తప్పు ఇంగ్లీష్' అంటారు. నాకైతే మన 'ఉంటాడు'ని అక్కడ వెతుక్కున్నట్టుంది.

---

తెల్లకాగితం · మంగళవారం, రాత్రి 10:05

చక్కటి ఉదాహరణ బాబాయ్ గారూ. అయితే అది పాత ఇంగ్లీష్ 'బిథ్' నుంచి నేరుగా దిగివచ్చిందనుకోకూడదు, దాని పుట్టుక గురించి వేరే వాదనలున్నాయి. పని మాత్రం అదే.

పాత బ రూపాలు ఇంగ్లాండ్ పల్లెల్లో మిగిలాయి. నైరుతి జిల్లాల్లో పెద్దవాళ్లు "ఐ బీ" అనేవాళ్లు. బర్మింగ్‌హామ్ పక్కన బ్లాక్ కంట్రీ అనే చోట "హౌ బిస్ట్" అని పలకరిస్తారు. మన వలసపిట్ట అక్కడికెళ్తే జర్మన్ అనుకుంటుంది!

---

వలసపిట్ట · మంగళవారం, రాత్రి 11:12

ఉంది, ఉంటుంది!! అక్కా, ఇది మస్తు చెప్పిన్రు.

మరి 'ఆర్' ఎక్కడిది? పైన పాత వరసల 'సిందోన్' అన్నరు, ఆర్ లేదు. 'వాజ్'కి 'వర్' ఎట్లొచ్చింది? జర్మన్ల ఒక్కడికీ వార్, అందరికీ వారెన్. రెండిట్లా ర. ఇంగ్లీష్‌ల ఒకదాంట్ల స, ఒకదాంట్ల ర.

---

తెల్లకాగితం · బుధవారం, ఉదయం 6:40

'ఆర్' ఉత్తరాది మాట. దక్షిణాన సిందోన్, బేఓథ్ అంటున్న రోజుల్లో ఉత్తరాన 'అరోన్' అనేవాళ్లు. అక్కడ వచ్చి స్థిరపడ్డ వైకింగుల భాషలో కూడా 'ఎరు' ఉండేది కాబట్టి దానికి బలం దొరికింది. తర్వాత అది మెల్లగా దక్షిణానికి దిగి సిందోన్‌ను తోసేసింది. దీని మూలం అస్ ధాతువేనా, వేరే ధాతువా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. వాజ్-వర్ సంగతి ఉప్సలా గారికే వదిలేస్తున్నా, బడికి టైమైంది.

---

ఉప్పల్_టు_ఉప్సలా · బుధవారం, రాత్రి 8:30

దీని కోసమే కాచుకుని ఉన్నా. కాస్త పెద్దది, టీ పెట్టుకుని చదవండి.

1822లో యాకోబ్ గ్రిమ్ (జానపద కథలు పోగుచేసిన అన్నదమ్ముల్లో పెద్దవాడు) ఒక సూత్రం ప్రచారంలోకి తెచ్చాడు. సంస్కృతం, లాటిన్లలో ప ఉన్నచోట జర్మానిక్ భాషల్లో ఫ వస్తుంది, త ఉన్నచోట నాలుక పళ్లకు ఆనించి పలికే 'థ' (ఇంగ్లీష్ 'త్రీ'లోది) వస్తుంది. పితా, ఫాదర్. త్రి, త్రీ. బాగుంది. కానీ లెక్కకు లొంగనివి బోలెడు మిగిలాయి.

వలసపిట్టా, నీకు తెలిసిన మాటలే చూడు. సంస్కృతంలో పితా, మాతా, భ్రాతా. మూడింట్లోనూ 'త'. జర్మన్లో? ఫాటర్, ముటర్, కానీ బ్రూడర్. రెండిట్లో ట, ఒకదాంట్లో డ. ఒకే ఇంట్లో తల్లీ తండ్రీ ఒక దారి, అన్న ఒక దారి. (ఇంగ్లీష్ చూసి మోసపోకండి, ఫాదర్, మదర్‌లలో పాతకాలంలో ద ఉండేది, ఇప్పటి శబ్దం తర్వాత వచ్చింది.) గ్రిమ్‌కు ఇది అంతుపట్టలేదు, తర్వాత యాభై ఏళ్లు ఎవరికీ పట్టలేదు.

కార్ల్ వెర్నర్ అని డెన్మార్క్ ఆయన. ఒక మధ్యాహ్నం కునుకు తీద్దామని పడుకుని, నిద్ర రావడానికి బోప్ అనే జర్మన్ పండితుడు రాసిన తులనాత్మక వ్యాకరణం తెరిచాడని చెప్పుకుంటారు. (నిద్ర కోసం వ్యాకరణం! మాస్టారూ, మీరు నొచ్చుకోకండి.) తెరిచిన పేజీలో సంస్కృత పదాలు స్వరం గుర్తులతో అచ్చయి ఉన్నాయి. పి-తా: ఉదాత్తం (ఎత్తి పలికే ఊనిక) రెండో అక్షరం మీద. మా-తా: రెండో దాని మీద. భ్రా-తా: మొదటి దాని మీద!

అంతే, ముడి విడిపోయింది. ఆ హల్లుకు సరిగ్గా ముందున్న అచ్చు మీద ఊనిక ఉంటే గ్రిమ్ చెప్పినట్టే జరుగుతుంది. లేకపోతే ఆ హల్లు నాదం పుంజుకుని మెత్తబడుతుంది. (జర్మన్లో ఆ మెత్తబడిన ద తర్వాత మళ్లీ ట అయింది, మెత్తబడని థ డ అయింది. అందుకే ఫాటర్, బ్రూడర్.) ఆ వ్యాసం 1877లో అచ్చయింది.

ఇప్పుడు 'స'కి కూడా ఇదే పెట్టు. ఊనిక ముందుంటే స అలాగే ఉంటుంది, లేకపోతే స మెత్తబడి జ, ఆ జ కాలక్రమాన ర అవుతుంది. సంస్కృతంలో వస్ ధాతువుకు లిట్ (ఒక భూతకాలం) రూపాలు చూడు. వాడు నివసించాడు: ఉవాస, ఉదాత్తం 'వా' మీద, ధాతువులో. వాళ్లు నివసించారు: ఊషుః, ఉదాత్తం 'షుః' మీద, ప్రత్యయంలో. ఒక్కడైతే ఊనిక లోపల, పదిమందైతే ఊనిక చివర. అందుకే ఇంగ్లీష్‌లో ఒక్కడు వాజ్, పదిమంది వర్. డచ్‌లో వాస్, వారెన్. ఆ ఊనిక ఆ భాషల్లోంచి ఎప్పుడో రెండు వేల ఏళ్ల కిందటే పోయింది. అడుగుజాడ మాత్రం మిగిలింది.

జర్మన్లోనూ ఒకప్పుడు 'వాస్, వారెన్' అనే ఉండేది, లూథర్ నాటి (16వ శతాబ్దం) రాతల్లో 'వాస్' కనిపిస్తుంది. తర్వాత బహువచనం చూసి ఏకవచనం కూడా ర పెట్టుకుంది. గెవేజెన్ మాత్రం పాత వాసన వదల్లేదు.

---

పాతపలక · బుధవారం, రాత్రి 9:15

ఉప్సలా బాబూ, నువ్వు చెప్పిన దానికే ఇంకో ఉపకారం ఉంది. మొదటి రోజు నేను 'అస్తి, సంతి' పక్కన 'ఇస్ట్, జింట్' పెట్టాను కదా. అస్తిలో అకారం ఉంది, సంతిలో ధాతువు అకారం ఏమైంది? శ్నసోరల్లోపః (6.4.111) అని పాణిని దాన్ని లోపింపజేశాడు. కారణం వెతికితే అక్కడా స్వరమే: అస్తిలో ఉదాత్తం ధాతువు మీద, అందుకే అచ్చు నిలిచింది. స్-అంతిలో ఉదాత్తం ప్రత్యయానిది, ధాతువు అచ్చు రాలిపోయింది. ఇస్ట్‌కి అచ్చు ముందుండి, జింట్ హల్లుతో మొదలవడం కూడా దీనివల్లే. వలసపిట్టకు పిచ్చిగా కనిపించిన ఇస్ట్/జింట్ తేడా, వాజ్/వర్ తేడా, రెండూ ఒకే ఊనిక చేసిన పని.

---

కోనసీమ_కుర్రోడు · గురువారం, ఉదయం 7:30

సరదా పక్కన పెడతానండి ఇవాళ. మా నాన్నగారు ఘనపాఠీ, కృష్ణయజుర్వేదం. రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చదివి వినిపించా. చెయ్యి కంచంలోనే ఉంచి ఒక్క ప్రశ్న వేశారండి, నా దగ్గర జవాబు లేదు.

"క్రియాపదానికి స్వరమే ఉండదు కదరా! తిఙ్ఙతిఙః అని సూత్రం (8.1.28). క్రియ కాని పదం ముందుంటే క్రియ మొత్తం అనుదాత్తం, అంటే ఊనిక లేనిది. అగ్నిమీళే చూడు. 'గ్ని' ఉదాత్తం, 'మీ' మీద వినపడేది ఆ ఉదాత్తం వల్ల వచ్చిన స్వరితం. ఈళేకి సొంతంగా ఏమీ లేదు. లేని స్వరాన్ని పట్టుకుని ఆయనెవరో జర్మన్ క్రియలని ఎలా సరిదిద్దాడు?"

---

ఉప్పల్_టు_ఉప్సలా · గురువారం, మధ్యాహ్నం 12:10

వామ్మో. మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పు. నాకు తెలిసి చాలా పరిచయ పుస్తకాలు ఈ మాట దాటేసి పోతాయి. మాస్టారూ, మీరే రావాలి.

---

పాతపలక · గురువారం, సాయంత్రం 5:20

నాన్నగారి ఆక్షేపణ నూటికి నూరుపాళ్లు సబబే. జవాబు కూడా ఆయన నోట్లోనే ఉంది, రోజూ వల్లిస్తూనే ఉంటారు.

క్రియ స్వరం పోగొట్టుకునేది ప్రధాన వాక్యంలో, అదీ ముందు వేరే పదం ఉన్నప్పుడు. వాక్యం మొదట్లోనో పాదం మొదట్లోనో వస్తే స్వరం ఉంటుంది. ఇక 'యః, యే, యత్' వంటి మాటలతో ముడిపడ్డ వాక్యంలో తప్పకుండా ఉంటుంది: యద్వృత్తాన్నిత్యమ్ (8.1.66).

ఉదాహరణకు నమకం పదకొండో అనువాకం: 'యే తీర్థాని ప్రచరంతి'. స్వరాలు వేసిన పుస్తకం తీసి చూడు నాయనా. 'ప్ర' కింద అడ్డగీత, 'ర' మీద నిలువుగీత, మధ్యలో 'చ'కు ఏ గుర్తూ లేదు. ఆ గుర్తు లేనిదే ఉదాత్తం. 'యే' ఉంది కాబట్టి 'చరంతి' తన స్వరం తాను నిలుపుకుంది. ఇలాంటి చోట్ల నుంచే ధాతువుల అసలు స్వరాలు ఏరుకున్నారు, వెర్నర్ వాడుకున్నది ఆ ఏరుకున్న పట్టికనే.

---

కోనసీమ_కుర్రోడు · గురువారం, రాత్రి 9:40

చదివి వినిపించానండి. ఏమీ అనలేదు. లేచి చెయ్యి కడుక్కుని, అరుగు మీద కూర్చుని 'యే తీర్థాని' నాలుగుసార్లు అనుకున్నారు, నాలుగోసారి 'చ' దగ్గర ఆగి. తర్వాత "ఆ డెన్మార్కాయన గురువెవర్రా" అని అడిగారు. నిద్ర కోసం వ్యాకరణం చదివేవాడని మాత్రం చెప్పలేదండి, బాగోదు.

---

డాలస్_బాబాయ్ · శుక్రవారం, ఉదయం 8:05

మరి గో-వెంట్ కూడా ఇలాగే రెండిళ్ల సంసారమేనా? మన 'రా-వచ్చాడు' కూడానా?

---

తెల్లకాగితం · శుక్రవారం, రాత్రి 8:50

గో-వెంట్ అవునండీ. 'వెంట్' అసలు 'వెండ్' (తిరుగు, మళ్లు) క్రియకు భూతకాలం. గోకి పాత భూతకాలం 'ఎఓదె' అని వేరే ఉండేది, అదీ గో లోంచి పుట్టింది కాదు. అది పోయాక ఆ ఖాళీలోకి వెంట్ వచ్చింది.

'రా-వచ్చు' మాత్రం పైకి అలా కనిపించే మోసం. తమిళంలో వరు, వా, వందాన్ చూడండి, అన్నీ ఒకే ధాతువు. మన 'రా'లో ముందున్న వ అరిగిపోయింది, అంతే. తెలుగులో నిజమైన రెండిళ్ల జంట కావాలంటే ఉన్నాడు-లేడు. తమిళంలో ఉండు వైపు 'ఉళ్', లేదు వైపు 'ఇల్లై', రెండూ వేరు వేరు ధాతువులు.

---

ఉప్పల్_టు_ఉప్సలా · శుక్రవారం, రాత్రి 10:30

వలసపిట్టా, నువ్వు స్వీడన్‌కు వచ్చి ఉంటే ఈ దారమే పుట్టేది కాదు. ఇక్కడ నేను, నువ్వు, వాడు, మేము, వాళ్లు అందరికీ ఒక్కటే: 'ఎర్'. భూతకాలం 'వార్', అయిపోయింది. 20వ శతాబ్దం మధ్య దాకా రాతలో బహువచనానికి 'ఎరో' అని వేరే పెట్టేవాళ్లు, మాటల్లోంచి ఎప్పుడో పోయినా సరే. ఇప్పుడు అదీ లేదు. దక్షిణాఫ్రికాలో ఆఫ్రికాన్స్ వాళ్లూ అంతే, అందరికీ 'ఇస్'. మా అమ్మాయి బళ్లో మొదటి రోజే నేర్చేసుకుంది. నాకు మాత్రం ఏదో ఆస్తి అమ్ముకున్నట్టు అనిపిస్తుంది.

---

వలసపిట్ట · శనివారం, రాత్రి 11:05

ఇయ్యాల క్లాసుల మాట్లాడే పరీక్ష. మీ అందరి పుణ్యాన పట్టికంతా కళ్ల ముందుంది. మొదటి ప్రశ్నకే "ఇఖ్ క్రాంకెన్‌ష్వెస్టర్" అనేసిన. నేను నర్సు. క్రియే పెట్టలే 😭 తెలుగుల "నేను నర్సు" అంటే సరిపోతది కదా, నోరు అట్లనే పోయింది.

చివరిగా ఒకటి. "నేను ఉండి ఉన్నాను" అనే వాక్యానికి గెవేజెన్ ముందు హాబెన్ పెట్టాల్నా, జైన్ పెట్టాల్నా? ఇంగ్లీష్‌ల 'హావ్ బీన్' కదా, అందుకే గడబిడ.

---

ఉప్పల్_టు_ఉప్సలా · శనివారం, రాత్రి 11:20

జైన్. "ఇఖ్ బిన్ గెవేజెన్." డచ్‌లోనూ అంతే. ఇంకో మాట, నువ్వు వెళ్లేది మ్యూనిక్ వైపైతే అక్కడి మామూలు మాటల్లో ఒంటి భూతకాలం రూపాలు దాదాపు వాడరు, అన్నీ హాబెన్, జైన్ పెట్టే చెబుతారు. అయినా 'వార్' మాత్రం అక్కడా వినపడుతుంది.

---

పాతపలక · శనివారం, రాత్రి 11:48

తల్లీ, ఆ వాక్యాన్ని ఒకసారి విప్పి చూడు. బిన్‌లో 'బ' భూ ధాతువు. దాని వెనక 'ఇన్' అస్మి. గెవేజెన్‌లో 'వేజ్' వస్. మూడు కుటుంబాలూ ఒక్క వాక్యంలోకి వచ్చి కూర్చున్నాయి.

---

వలసపిట్ట · శనివారం, రాత్రి 11:55

సార్ 😳 గోడ మీది పట్టిక కింద రాసుకుంటున్న. రేపు మార్నింగ్ డ్యూటీ, పడుకుంట.